కాల్డర్ సిటీలో ఒకే ఒక్క లిబరల్

"ఈ రోజు నుంచి కాల్డర్ సిటీ దేశ చరిత్రలోకి నడుస్తుంది. ప్రభుత్వం అడ్డు రాకపోతే పరిగెడుతుంది కూడా!"

సిటీ హాలు మెట్ల మీద నిలబడి మేయర్ రాయిస్ టిల్మన్ గారు ఇలా ప్రకటించినప్పుడు, ఆ ప్రభుత్వం తామేనన్న సంగతి ఆయనకు గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టాం. నేను అందరికన్నా కాస్త ఎక్కువసేపు కొట్టాను. సిటీ జీతం తింటున్నాను కదా.

నా పేరు ఆర్లో. ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మా ఓక్లహోమా రాష్ట్రంలో కౌన్సిల్ మీటింగులకి ఎవరైనా వచ్చి, మైకు ముందు నిలబడి, తమ గోడు చెప్పుకోవచ్చు. తలా మూడు నిమిషాలు. నా ముందు ఒక చిన్న పెట్టె ఉంటుంది. మూడు నిమిషాలు కాగానే దాని మీద ఎర్రదీపం వెలుగుతుంది, నేను గంట కొడతాను, మాట్లాడే మనిషి నోరు మూసుకుని వెళ్లి కూర్చుంటాడు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ప్రజాస్వామ్యంలో ఎవరి గొంతు ఎక్కడ ఆగాలో తేల్చేది నేనేనని మా ఆవిడతో అంటుంటాను. ఆవిడ కూడా మూడు నిమిషాలే వింటుంది. మిగిలిన సమయంలో మేయర్ గారి కారు నడుపుతాను, ఆయన ఉత్తరాలు పోస్టు చేస్తాను.

మేయర్ గారి ప్రకటనకి కారణం ఒక పట్టిక. తూర్పు తీరంలో ఏదో సంస్థ ఉంది. దేశంలోని పెద్ద నగరాల్లో ఏది ఎంత కన్సర్వేటివో, అంటే ప్రభుత్వం తమ జోలికి రాకూడదనే సంప్రదాయవాదులు ఎక్కడ ఎక్కువో లెక్కకట్టి ఏటా ఒక పట్టిక వేస్తుంది. ఏటా మొదటి స్థానం ఎరిజోనాలోని ఒక ఊరికే. అది చూసినప్పుడల్లా మేయర్ గారికి అన్నం సయించదు, అంటే ఆయన విషయంలో బ్రిస్కెట్ మాంసం సయించదు.

"ఎరిజోనా వాళ్లు కన్సర్వేటివ్‌లేంటయ్యా ఆర్లో! వాళ్ల ఊళ్లో రైలుంది. సిటీ డబ్బుతో నడిచే రైలు! మన ఊళ్లో బస్సన్నా ఉందా?"

"ఉండేది సార్. మీరే తీయించేశారు."

"అదీ సంగతి!"

ఆ పట్టికలో మా ఊరు చివరి స్థానంలో కూడా లేదు. ఇది కుట్ర అని తేల్చి మేయర్ గారు ఆ సంస్థకి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన ఏది రాసినా ఆకుపచ్చ సిరాతోనే రాస్తారు. నల్లసిరా అయితే ఎవడైనా వాడతాడని ఆయన వాదన. ఊరు మొత్తానికి అలాంటి పెన్ను ఆయన దగ్గర ఒక్కటే ఉంది, అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది.

జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. రెండున్నర లక్షల జనాభా ఉంటేనే పెద్ద నగరమట. మా జనాభా రెండు లక్షల నలభై ఎనిమిది వేల తొమ్మిది వందల పదకొండు.

"అంటే మనం కన్సర్వేటివ్‌లం కాదని కాదు. చాలినంత మందిమి లేం, అంతే!" అన్నారు మేయర్ గారు. నేనెప్పుడూ చూడనంత సంతోషంగా ఉన్నారు.

వెయ్యీ ఎనభై తొమ్మిది మంది కావాలి. ఎక్కువమంది పిల్లల్ని కనమని చర్చిలో చెబుతానని పాస్టర్ గారు ముందుకొచ్చారు గానీ, దానికి తొమ్మిది నెలలు పడుతుందని తెలిసి మానుకున్నారు. కాలిఫోర్నియా నుంచి జనాన్ని రప్పిద్దామని ఒక కౌన్సిలర్ సూచించాడు. "వాళ్లొస్తే సంఖ్య పెరుగుతుంది, శాతం తగ్గుతుంది" అని మేయర్ గారు ఒక్క మాటతో కొట్టేశారు. అప్పుడు సిటీ లాయరు లైల్ మ్యాపు పరిచాడు. లైల్ చాలా తెలివైనవాడు. ఆ సంగతి బయటపడనివ్వకుండా పదేళ్లు నెట్టుకొచ్చాడు.

"హద్దు అవతల ఉన్నవాళ్లని ఊళ్లో కలిపేసుకోవాలి సార్. ఉత్తరాన రైతులున్నారు."

"కలిపేయ్."

"రారు సార్. సిటీ పన్నులు, సిటీ రూల్సు గిట్టకే అక్కడ ఉంటున్నారు. వాళ్లు మనకంటే కన్సర్వేటివ్‌లు."

"మనకంటే కన్సర్వేటివ్‌లా? అయితే వద్దు. ఇంకేం ఉంది?"

లైల్ తూర్పు వైపు వేలు పెట్టాడు. "కౌంటీ రోడ్డు తొమ్మిది మీద జైలు. పదమూడు వందల పన్నెండు మంది. జనాభా లెక్కల్లో మనిషి ఎక్కడ నిద్రపోతే అక్కడి వాడే. వాళ్లు ఎక్కడికీ పోరు కూడా."

మేయర్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు జెండా వంక చూశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "పదమూడు వందల మంది మన పక్కనే ఉండి మనవాళ్లు కాకుండా పోయారు. ఎంత అన్యాయం లైల్!" అన్నారు.

ఒక్కటే చిక్కు. కలుపుకునే భూమి ఊరి హద్దుకి ఆనుకుని ఉండాలని చట్టం. హద్దుకీ జైలుకీ మధ్య ఎనభై ఎకరాలు ఉన్నాయి. అవి వెర్లీన్ స్టబ్స్ గారివి.

వెర్లీన్ గారిని ఊళ్లో అందరూ టీచరమ్మ అంటారు. ఏభై రెండేళ్లుగా ఆదివారం చర్చిలో పిల్లలకి బైబిలు చెబుతోంది. మేయర్ గారూ, లైలూ, నేనూ, తొమ్మిదిమంది కౌన్సిలర్లలో ఏడుగురూ ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లమే. ఆవిడ ముందు కాల్డర్ సిటీ కన్సర్వేటివ్‌లందరూ పసిపిల్లలు. ప్రభుత్వం పింఛను చెక్కు పంపితే తిప్పి పంపేస్తుంది. ఇంటి ముందు పోస్టు డబ్బా పెడితే దానిమీద కేంద్ర ప్రభుత్వానికి హక్కు వస్తుందని ఎవరో చెబితే, ఆ రోజే పలుగు తీసుకుని డబ్బా పీకేసింది. అందుకే ఆవిడకి ఉత్తరాలు రావు. మేకలున్నాయి, నలభై కోళ్లున్నాయి, రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టు ఉంది. దేశ స్వాతంత్ర్య దినం జూలై నాలుగుకి రెండు వారాల ముందు ఆ కొట్టు తెరిచి బాణసంచా అమ్ముతుంది. సిటీలో బాణసంచా అమ్మడం నేరం కాబట్టి ఊరు ఊరంతా హద్దు దాటి ఆవిడ దగ్గరికే వెళ్తుంది. ఆ రెండు వారాల అమ్మకంతోనే ఆవిడకి ఏడాది గడుస్తుంది. ఆ కొట్టు వాళ్ల నాన్న కట్టింది.

మేయర్ గారిని ఆవిడ ఇంటికి తీసుకెళ్లింది నేనే. టీచరమ్మ మేకకి గిట్టలు కత్తిరిస్తోంది.

"టీచరమ్మా, మీకో శుభవార్త. మిమ్మల్ని ఊళ్లో కలుపుకుంటున్నాం!"

"ఒరేయ్ రాయిస్, నేనేమైనా తప్పిపోయానా, కలుపుకోడానికి?"

"అది కాదు టీచరమ్మా. ప్రభుత్వ జోక్యం అతి తక్కువగా ఉండే నగరంగా మనం దేశంలో మొదటి స్థానానికి రావాలి. అందుకు మీ పొలంలో కొంచెం జోక్యం చేసుకోవాలి."

"కోళ్ల సంగతేంటి?"

"సిటీలో ఆరు ఉంచుకోవచ్చు."

"నా కొట్టు?"

మేయర్ గారు మేకని చూసి నవ్వారు. "మంచి మేక" అన్నారు.

టీచరమ్మ కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడింది. "నీకు ఏడేళ్లప్పుడు పక్కవాడి ద్రాక్షతోట మీద కన్నేసిన రాజు కథ చెప్పాను. ఆఖర్న ఆ రాజు రక్తం కుక్కలు నాకాయని కూడా చెప్పాను. నువ్వు ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు" అంది. అని, మేకని తోలుకుని లోపలికి వెళ్లిపోయింది.

కౌన్సిల్ మీటింగుకి ఆవిడ చర్చికి వేసుకొచ్చే నీలం గౌనుతో వచ్చింది. కాగితం చూడకుండా మాట్లాడింది. వాళ్ల తాత గుర్రపుబండి మీద వచ్చి ఆ నేల దున్నిన సంగతి, దుమ్ము తుఫానుల ఏళ్లలో ఊరంతా కాలిఫోర్నియాకి పారిపోతే వాళ్ల నాన్న మాత్రం కదలనన్న సంగతి, ఆ కొట్టు రేకులు ఆయన ఎక్కడెక్కడి నుంచి ఏరుకొచ్చాడో, అన్నీ చెప్పింది. "మా నాన్న పోయేముందు నన్ను పిలిచి ఒకటే మాట అడిగాడు. ఏమడిగాడంటే" అంటుండగా ఎర్రదీపం వెలిగింది.

గంట కొట్టాను. పందొమ్మిదేళ్లలో నా చెయ్యి ఎప్పుడూ అంత బరువనిపించలేదు. ఆవిడ నా వంక ఒకసారి చూసి, మాట అక్కడే వదిలేసి వెళ్లి కూర్చుంది. ఆయన ఏమడిగాడో మా కౌన్సిల్ రికార్డుల్లో లేదు.

తొమ్మిదికి తొమ్మిది ఓట్లు. కాల్డర్ సిటీ జనాభా ఆ సాయంత్రం రెండు లక్షల యాభై వేల రెండు వందల ఇరవై నాలుగయింది. జైలరు గారు తమవాళ్లకి అభ్యంతరమేమీ లేదని రాసి పంపారు. వెంటనే పదమూడు వందల పన్నెండు మంది కొత్త పౌరులకి సిటీ తరఫున స్వాగత కవర్లు వెళ్లాయి. అందులో పార్కుల మ్యాపు, ఈతకొలను కూపను, 'ఇది మీ ఊరే, మీకెప్పుడు వీలైతే అప్పుడు తిరగండి' అని మేయర్ గారి సందేశం ఉన్నాయి.

మర్నాడే టీచరమ్మ గేటుకి సిటీ ఇన్‌స్పెక్టరు నోటీసు అంటించాడు. ముప్పై నాలుగు కోళ్లు అదనం. మేకలకి పర్మిట్ లేదు. కొట్టు తెరిస్తే కేసు. ఆవిడ నోటీసు చించలేదు. చింపడం కూడా నేరమేనని దాని కిందే రాసి ఉంది.

తర్వాత సర్వే ఫారాలు వచ్చాయి. ఆ సంస్థ మా ఊళ్లో మూడు వేల ఇళ్లకి ఫారాలు పంపింది. కనీసం నాలుగు వందలు నింపి తిప్పి పంపితేనే ఊరు పట్టికలోకి ఎక్కుతుంది. నెల తిరిగేసరికి రెండొచ్చాయి. ఒకటి నాది, ఉద్యోగం కోసం నింపాను. రెండోది ఫిషింగ్ లైసెన్స్ ఫారం అనుకుని ఒక పెద్దాయన నింపాడు.

మేయర్ గారు ఇంటింటికీ తిరిగి బతిమాలారు.

"నా మనసులో ఏముందో అడగడానికి వాళ్లెవరండీ?" అంది ఒకావిడ గడపలో నిలబడి.

"మీరు కన్సర్వేటివ్ అని నిరూపించడానికే కదమ్మా!"

"కన్సర్వేటివ్‌ని కాబట్టే చెప్పను."

మేయర్ గారి ఛాతీ గర్వంతో ఉబ్బింది. "చూశావా ఆర్లో, మన జనం!" అన్నారు. కారెక్కాక ముఖం వాడిపోయింది. "ఇంత గొప్ప జనంతో ఎలా గెలుస్తామయ్యా?" అన్నారు.

ఆ రోజే కారులో కూర్చుని తన ఫారం తీశారు. "కనీసం నేనైనా ఆదర్శంగా ఉండాలి" అని ఆకుపచ్చ పెన్ను తెరిచారు. ఆయన నింపుతుంటే నాకు అద్దంలో కనబడుతూనే ఉంది, వినబడుతూనే ఉంది.

"ప్రభుత్వం మీద మీకు నమ్మకం ఉందా? హహ్హ! చూడు ఆర్లో, నా మీద నాకు నమ్మకం ఉందా అని నన్నే అడుగుతున్నారు. సంపూర్ణంగా! ప్రజల మేలు కోసం ప్రభుత్వం ప్రైవేటు భూమి తీసుకోవచ్చా? తీసుకోవచ్చా ఏంటి, తీసుకున్నాం. ప్రజల జీవితాల్లో ప్రభుత్వం పాత్ర ఇంకా పెరగాలా?" కాసేపు ఆలోచించి టిక్కు పెట్టి, పక్కన ఏదో రాసుకున్నారు. "ఇంకో రెండు టర్మ్‌లు!"

కవరు అంటించి ఇచ్చారు. నేను స్టాంపు అతికించి పోస్టు చేశాను.

గడువుకి వారం ఉందనగా మిగిలిన ఫారాలన్నీ జైలుకి మళ్లించాలన్న ఆలోచన లైల్‌కి వచ్చింది. తిరిగొచ్చిన కవర్లు నాలుగు రోజుల్లో నాలుగు వందల తొమ్మిది. ఆ కొత్త పౌరుల బాధ్యత చూసి ఊరంతా సిగ్గుపడాలి. తీరిక ఎక్కడిదని సాకు చెప్పినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

మే నెలలో ఫలితం వచ్చింది. మేయర్ గారు సిటీ హాలు మెట్ల మీద ఆ ఉత్తరం చదివారు. సంస్థవాళ్లు పాతికేళ్లలో ఇలాంటి నగరం చూడలేదట. ప్రభుత్వం మీద నమ్మకం లేనివాళ్లు వందకి తొంభై తొమ్మిది పైచిలుకు. తమ రోజువారీ బతుకులో ప్రభుత్వ జోక్యం మరీ ఎక్కువైందని, ఏం తినాలో ఎప్పుడు పడుకోవాలో కూడా అదే చెబుతోందని అందరిదీ ఒకే మాట. తుపాకీ ఉంచుకునే హక్కు కావాలా అంటే అందరూ కావాలన్నారు, కొందరు వెంటనే కావాలన్నారు. ప్రతి ఆదివారం తప్పకుండా ప్రార్థనకి వెళ్తారు. ఉదయం అయిదింటికి లేస్తారు. రాత్రిళ్లు వీధుల్లో తిరగరు. ఈ నాలుగు వందల తొమ్మిది కుటుంబాలూ ఒకే అడ్రసులో ఎందుకున్నాయని సంస్థవాళ్లు వినయంగా అడిగారు.

"ఉమ్మడి కుటుంబం. కలిసి తింటారు, కలిసి ప్రార్థిస్తారు, ఒకరిని విడిచి ఒకరు బయటికి వెళ్లరు. కుటుంబ విలువలంటే ఇవీ!" అని మేయర్ గారు పేపరువాళ్లకి చెప్పారు.

జూలై ఒకటి నాటి జనాభా సరిచూసుకుని ఫలకం పంపిస్తారట. ఊరంతా పండగ. అయితే ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. మొత్తం నాలుగు వందల పన్నెండు జవాబుల్లో ఒకే ఒక్కటి పూర్తిగా లిబరల్ జవాబు, అంటే అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలనే జవాబు, ఇంత లిబరల్ జవాబు తమకి లిబరల్‌ల పుట్టిల్లయిన బోస్టన్‌లో కూడా రాలేదు, విశేషంగా ఉంది కాబట్టి అసలు కాగితమే మీకు పంపుతున్నాం అని.

ఆ కాగితాన్ని మేయర్ గారు కౌన్సిల్లో అందరి ముందూ పైకెత్తి చూపించారు. నా కుర్చీ ఆయన పక్కనే.

"వినండి! ప్రభుత్వం మీద నమ్మకం ఉందా? సంపూర్ణంగా అట! ఎవడో రష్యా నుంచి వచ్చినట్టున్నాడు. ప్రైవేటు భూమి తీసుకోవచ్చా? తీసుకోవచ్చట! దొంగ! ప్రభుత్వం పాత్ర పెరగాలా? ఇంకో రెండు టర్మ్‌లట! ఎవరికి రెండు టర్మ్‌లు? వాషింగ్టన్ వాళ్లకే! అన్నిటికీ మించి ఆ సిరా చూడండి. ఆకుపచ్చ! చెట్లనీ పుట్టలనీ వాటేసుకునే జాతి, ఇంకేం సాక్ష్యం కావాలి?"

కౌన్సిలర్లు తొమ్మిదిమందీ కాగితం వైపు చూశారు. తర్వాత మేయర్ గారి జేబు వైపు చూశారు. ఆ తర్వాత తొమ్మిదిమందీ ఒకేసారి తలెత్తి పైనున్న ఫ్యాను వైపు చూశారు. లైల్ బూటు లేసు కట్టుకోవడానికి బల్ల కిందికి వంగి, మీటింగు అయ్యేదాకా లేవలేదు.

మేయర్ గారు అక్కడికక్కడే తీర్మానం రాశారు. కాల్డర్ సిటీ నూటికి నూరు కన్సర్వేటివ్ కావాలి. ఆ కాగితం ఎవరిదో తేలగానే, వాళ్ల భూమిని ఊరి హద్దుల్లోంచి తక్షణం తొలగించాలి. ఈ తీర్మానాన్ని ఏ కారణం చేతా వెనక్కి తీసుకోరాదు. తొమ్మిదికి తొమ్మిది ఓట్లు. మేయర్ గారు జేబులోంచి పెన్ను తీసి సంతకం చేశారు. సంతకం చాలా అందంగా వచ్చింది.

రెండు వారాలు గాలించారు. ఊళ్లో ఒక్కడే యోగా టీచరున్నాడు, వాణ్ణి రెండుసార్లు ప్రశ్నించారు. లైబ్రరీలో ఎక్కువ పుస్తకాలు తీసుకున్నవాళ్ల జాబితా తీశారు, అందులో మొదటి పేరు పాస్టర్ గారిది. ఊరంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటోంది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. ఆ కవరు మీద స్టాంపు అతికించిన వేళ్లు ఇవే. అయినా నేనేం చెప్పగలను? నాకింకా ఆరేళ్ల సర్వీసుంది.

జూన్ మొదటివారం మీటింగుకి టీచరమ్మ మళ్లీ వచ్చింది. అదే నీలం గౌను. హాలు కిటకిటలాడుతోంది, సగానికి సగం ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. మైకు పట్టుకుంది.

"నా పేరు వెర్లీన్ స్టబ్స్. కౌంటీ రోడ్డు తొమ్మిది." ఆగింది. మంచినీళ్లు తాగింది. "ఆ కాగితం నాది. నేను... నేను లిబరల్‌ని."

హాల్లో ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. పాస్టర్ గారి భార్య చేతిలో విసనకర్ర కింద పడింది. టీచరమ్మ ముఖం కందిపోయింది. ఏభై రెండేళ్లుగా ఆవిడ ఎవరెవరికి మంచీ చెడూ చెప్పిందో వాళ్లంతా ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ మాత్రం నేల చూస్తోంది.

"టీచరమ్మా! మీరా?" మేయర్ గారు నిజంగానే కుర్చీలోంచి లేచిపోయారు.

"నేనేరా."

కొత్తగా వచ్చిన కౌన్సిలరమ్మ ఒకావిడకి ఇంకా ఊరి పద్ధతులు తెలియవు. "వెర్లీన్ గారికి పోస్టు డబ్బాయే లేదు కదా, ఫారం ఎలా అందింది?" అని అడిగేసింది.

మిగతా ఎనిమిదిమందీ ఫ్యాను చూస్తున్నారు. "ఆ ప్రశ్న రికార్డుల్లోంచి తీసేయాలి" అని ఒకాయన అన్నాడు. తీసేశారు.

టీచరమ్మ తలెత్తింది. "తీర్మానం నువ్వే రాశావు రాయిస్. లిబరల్ భూమి ఊళ్లో ఉండకూడదన్నావు. ఆడిన మాట మీద నిలబడమని నీకు చిన్నప్పుడే నేర్పాను. అదన్నా విన్నావా, అప్పుడూ కిటికీలోంచే చూశావా?"

మేయర్ గారు కళ్లు తుడుచుకున్నారు. "నా సొంత గురువైనా సరే! సిద్ధాంతం సిద్ధాంతమే! ఎనభై ఎకరాలూ తొలగించండి!" అన్నారు.

లైల్ పరిగెత్తుకొచ్చి చెవిలో ఏదో చెప్పబోయాడు. "సార్, ఒక్కసారి మ్యాపు..."

"ఇది మ్యాపుల వేళ కాదు లైల్! సిద్ధాంతాల వేళ!"

తొమ్మిదికి తొమ్మిది. ఆకుపచ్చ సంతకం. టీచరమ్మ ఆ పెన్ను వైపు, అది తిరిగి జేబులోకి వెళ్లేదాకా చూసింది. అప్పుడు గమనించాను, నా ముందున్న పెట్టె నేనసలు ఆన్ చెయ్యలేదు. పందొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

బయట పార్కింగులో ఆవిడ తన పికప్‌లో స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. బండి స్టార్టు చెయ్యలేదు. దగ్గరికి వెళ్లాను.

"టీచరమ్మా, ఆ కాగితం ఎవరిదో నాకు తెలుసు. నేనే పోస్టు చేశాను."

"తెలియకేం? ఆ రోజు నేనూ వచ్చాను, వెనక బెంచీ దాకా కనబడింది ఆ సిరా." ఆవిడ కళ్లద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "అబద్ధం చెప్పకూడదని ఏభై రెండేళ్లు చెప్పానురా ఆర్లో. మీ అందరి చేతా వందేసిసార్లు రాయించాను. ఇప్పుడు నేను రాయాలి." నేను బండి అద్దం మీద దుమ్ము తుడిచాను.

"నన్ను క్షమించండి టీచరమ్మా. ఆ రోజు గంట కొట్టాను."

"అది నీ పని. సర్లే, పక్కకి జరుగు. మూడు వారాల్లో కొట్టు తెరవాలి, రేకులకి రంగెయ్యాలి."

మర్నాడు పొద్దున లైల్ మ్యాపు పట్టుకుని మేయర్ గారి గదిలోకి వెళ్లాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఎనభై ఎకరాలు తీసేశాక జైలు ఊరికి దూరంగా ఒంటరిగా నిలబడింది. హద్దుకి ఆనని భూమి ఊళ్లో ఉండటానికి చట్టం ఒప్పుకోదు. తీర్మానాన్ని ఏ కారణం చేతా వెనక్కి తీసుకోరాదని ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది.

కాల్డర్ సిటీ జనాభా మళ్లీ రెండు లక్షల నలభై ఎనిమిది వేల తొమ్మిది వందల పదకొండయింది. మొదటి స్థానం ఎరిజోనాకి పోయింది. ఊరి నుంచి తొలగించినందుకు చింతిస్తున్నామని పదమూడు వందల పన్నెండు మందికీ సిటీ ఉత్తరాలు రాసింది. ఒకాయన మాత్రం తిరుగు జవాబు పంపాడు. తనకింకా పద్దెనిమిదేళ్లు ఉందనీ, ఎక్కడి నుంచైనా సరే ఇంత తొందరగా తనని బయటికి పంపినందుకు కృతజ్ఞుణ్ణనీ రాశాడు.

జూలై నాలుగున మేయర్ గారిని కౌంటీ రోడ్డు తొమ్మిదికి తీసుకెళ్లాను. సిటీ పండగకి బాణసంచా కావాలి, సిటీలో అమ్మరు. రేకుల కొట్టుకి కొత్తగా ఎర్రరంగు వేసి ఉంది. ముందు కార్ల వరస అర మైలు ఉంది. నలభై కోళ్లూ కార్ల మధ్య తిరుగుతున్నాయి. ఊళ్లోవాళ్లు టీచరమ్మతో ముభావంగా ఉన్నారు. సరుకు తీసుకుంటున్నారు గానీ ముఖం చూడటం లేదు. పాస్టర్ గారి భార్య ఆదివారం తరగతి ఇంకొకరికి అప్పగించిందట. టీచరమ్మ తారాజువ్వల కట్టలు కడుతూ ఎవరినీ ఏమీ అనడం లేదు.

మా వంతు వచ్చింది. మేయర్ గారు గొంతు తగ్గించి అడిగారు.

"టీచరమ్మా, ఇప్పుడెవరూ వినడం లేదు, నిజం చెప్పండి. మీలాంటి మనిషి అలా ఎలా అయిపోయారు?"

టీచరమ్మ ఆయన జేబు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కట్ట మీద ముడి బిగించి ఆయన చేతిలో పెట్టింది.

"వయసు మీద పడింది కదరా. మనం ఏం రాస్తున్నామో మనకే తెలియదు. జాగ్రత్త, ఇది తడి తగిలితే పేలదు."

మేయర్ గారు జాలిగా తల ఆడించారు. కారెక్కాక సీట్లోంచి ఒక కవరు తీశారు. ఆయన ముఖం మళ్లీ వెలిగిపోతోంది. ఆ సంస్థవాళ్లు ఈ ఏటి నుంచి మధ్యతరహా నగరాలకి కూడా పట్టిక మొదలుపెట్టారట. రెండున్నర లక్షల లోపు ఊళ్లన్నీ అర్హమే.

"ఇక మనకి తిరుగులేదు ఆర్లో. జైలు వాళ్లు అక్కర్లేదు, ఎవరూ అక్కర్లేదు. మన ఊరు మనకి చాలు" అంటూ పెన్ను తెరిచి, కారు తలుపుకి ఆనించి ఫారం నింపడం మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న దగ్గరే నవ్వొచ్చింది ఆయనకి. "చూడు, మళ్లీ అదే అడుగుతున్నారు!"

నింపి, మడిచి, కవర్లో పెట్టి, పైన అడ్రసు రాసి నా చేతికిచ్చారు.

"ఈసారి నూటికి నూరు. ఆ ఒక్క మనిషీ ఊళ్లో లేదు కదా."

కవరు అందుకున్నాను. అడ్రసు మీద సిరా ఇంకా ఆరలేదు. నా బొటనవేలికి ఆకుపచ్చగా అంటుకుంది.